వాన ఒక్కటే, కోటు వేరు

ఒంటి మీద చరిత్ర: 9వ భాగం

గత వారం మాకింటాష్ రబ్బరు కోటు దగ్గర ఆగాం. గ్లాస్గోలో రసాయనాల వ్యాపారి చార్లెస్ మాకింటాష్ 1823లో రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి అతికించి పేటెంటు పుచ్చుకున్నాడు. వాన చుక్క లోపలికి రాలేదు. చిక్కల్లా చెమట చుక్క బయటికి పోలేకపోవడమే. ఆ కోటు తొడుక్కుని గంటసేపు నడిస్తే పైన వాన, లోపల ఉక్క; మనిషి తడవడం మాత్రం తప్పేది కాదు. చలికి బిగుసుకుపోవడం, ఎండకు జిగురు కారడం, పక్కవాళ్లు ముక్కు మూసుకునేంత వాసన అదనం. గంధకంతో రబ్బరును ఉడికించే పద్ధతి 1840ల్లో వచ్చాక జిగురు తగ్గింది గాని, ఉక్క తగ్గలేదు.

వానను ఆపాలి, చెమటను పోనివ్వాలి, గాలిని అడ్డుకోవాలి, బరువు ఉండకూడదు. ఈ ముడిని విప్పడానికి ఆ తర్వాత నూటయాభై ఏళ్లపాటు ఇద్దరు చేతులు పెట్టారు. ఒకడు సొంత డబ్బుతో కోటు కొనుక్కునేవాడు: వేటగాడు, గాలం వేసేవాడు, కొండలెక్కేవాడు. రెండోవాడు సర్కారు ఇచ్చింది తొడుక్కునేవాడు, అంటే సిపాయి. బజార్లో ‘మిలిటరీ’ అన్న మాట చూసి జర్కిన్ కొనేవాళ్లకు రెండోవాడి కోటే గట్టిదని నమ్మకం. చరిత్ర తిరగేస్తే ఎక్కువసార్లు పొడిగా ఉన్నవాడు మొదటివాడే. అయితే ఎందుకు పొడిగా ఉన్నాడో, ఎంత వెచ్చగా ఉన్నాడో లెక్కగట్టింది మాత్రం సైన్యమే. ఈ వారం కథంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది.

క్రిమియా యుద్ధాన్ని త్వరగా దాటేద్దాం. 1854 నవంబరు 14న బాలక్లావా రేవు మీద తుపాను విరుచుకుపడింది. బ్రిటిష్ సిపాయిలకు చలి దుస్తులు మోసుకొచ్చిన ‘ప్రిన్స్’ అనే ఆవిరి ఓడ సరుకుతో సహా మునిగింది. ఆ శీతాకాలమంతా సెవాస్తొపోల్ చుట్టూ కందకాల్లో సిపాయిలు చినిగిన బట్టలతోనే గడిపారు. డబ్బున్న అధికారులు ఇళ్లనుంచి బొచ్చు కోట్లు తెప్పించుకున్నారు. ఆ యుద్ధంలో పోయిన బ్రిటిష్ సైనికుల్లో గుండు దెబ్బకన్నా జబ్బులకూ చలికీ బలైనవాళ్లే చాలా ఎక్కువ. లండన్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి, ప్రభుత్వం పడిపోయింది, విచారణ సంఘాలు కూర్చున్నాయి. సిపాయి కోటు మాత్రం అదే ముతక ఉన్నితో కుట్టిన బరువైన గ్రేట్‌కోటుగా ఇంకో అరవై ఏళ్లు సాగింది.

యుద్ధం ముగిసిన 1856లోనే దక్షిణ ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ అనే చిన్న ఊళ్లో 21 ఏళ్ల థామస్ బర్బెరీ బట్టల కొట్టు తెరిచాడు. అతని ఖాతాదారులు చుట్టుపక్కల రైతులు, వేటగాళ్లు, గాలం సరదా ఉన్న దొరలు. రోజంతా తడి గడ్డిలో నడిచేవాళ్లకు రబ్బరు కోటు నరకం. బర్బెరీ వేసిన ఎత్తు సాదాసీదాది. గుడ్డ నేశాక పూత పూసే బదులు, నేయకముందే నూలుకు నీరంటని మందు పట్టించాడు. ఆ నూలుతో బాగా ఒత్తుగా, ఏటవాలు గీతలు కనిపించేలా నేయించాడు. దారానికీ దారానికీ మధ్య సందు వాన చుక్క దూరలేనంత చిన్నది, చెమట ఆవిరి జారిపోవడానికి చాలినంత పెద్దది. దీనికి గాబర్డీన్ అని పేరు పెట్టి 1879లో బజారుకు తెచ్చాడు. 1888లో పేటెంటు వచ్చింది.

గొర్రెల కాపరులు తొడుక్కునే చొక్కాలు గొర్రెల ఒంటి జిడ్డు పట్టి నీరంటకుండా ఉండటం చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, తెలంగాణలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. దక్కనీ గొర్రె ముతక ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి నేసిన నల్ల గొంగడిని నెత్తిమీదుగా కొప్పెర వేసుకుని కురుమ, గొల్ల కాపరులు జడివానలోనే మందను తోలుకెళ్లడం మనవాళ్లు ఎరిగినదే. బర్బెరీ చేసిన గొప్పపనల్లా ఆ గుణాన్ని తేలికైన నూలు గుడ్డలోకి దించడం.

ధ్రువాలకు వెళ్లేవాళ్లు వెంటనే పట్టేశారు. స్కాట్ బృందం దక్షిణ ధ్రువానికి ఉన్ని మీద గాబర్డీన్ తొడిగి వెళ్లింది. ముందుగా చేరి గెలిచిన అముండ్సెన్ దగ్గరా గాబర్డీన్ ఉంది. కాని అతనికి ఇంకో చదువు కూడా ఉంది. 1903 నుంచి రెండేళ్లు కెనడా ఉత్తరాన నెట్సిలిక్ ప్రజల మధ్య గడిపి, రెయిన్‌డీర్ తోళ్లను వదులుగా, లోపల గాలి ఆడేలా తొడుక్కోవడం వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. చలిలో చెమట పట్టనివ్వకపోవడమే ప్రాణం నిలుపుకోవడమని వాళ్లకు తరతరాలుగా తెలుసు. ఏ సైన్యానికీ ఈ సంగతి అప్పటికి తెలియదు.

1914 యుద్ధంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు బయటపడింది. బ్రిటిష్ సైన్యంలో అధికారి తన యూనిఫాం తానే కొనుక్కోవాలి. అందుకు సర్కారు కొంత భత్యం ఇస్తుంది. సిపాయికి స్టోరులోంచి ఇస్తారు. అధికారి లండన్ దర్జీ దగ్గరికి వెళ్తే గాబర్డీనుతో కుట్టిన, నడుముకు పట్టీ ఉన్న, భుజం మీద వాన జారడానికి అదనపు పొర ఉన్న కోటు దొరికేది. బర్బెరీ 1912లో గుండీలు లేకుండా పట్టీతో బిగించే టైలాకెన్ అనే కోటుకు పేటెంటు తీసుకుని ఉన్నాడు. కందకాల అవసరాలకు దాన్నీ, అలాంటివే మరికొన్నిటినీ మలిచారు. అలా పుట్టిందే ట్రెంచ్ కోటు. భుజాల మీది పట్టీలు హోదా గుర్తులు పెట్టుకోవడానికి. నడుము పట్టీకి వేలాడే ఇత్తడి ఉంగరాలు గ్రెనేడ్లు తగిలించుకోవడానికి అని సినిమా జనం చెప్పుకుంటారు. బుద్ధి ఉన్న ఏ అధికారీ గ్రెనేడ్లను అలా ఊగులాడనివ్వడు. అవి పటం సంచీ, చిన్నాచితకా సామాను తగిలించుకోవడానికే.

అదే కందకంలో పది అడుగుల దూరంలో ఉన్న సిపాయి ఒంటిమీద మోకాళ్లు దాటే గ్రేట్‌కోటు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది, అందులో సందేహం లేదు. కాని ఫ్లాండర్స్ బురద అంచులకు పట్టి, వాన పొరల్లోకి ఇంకితే ఆ కోటు మనిషినే కిందికి లాగేది. సర్కారు సొత్తు పాడుచేయడం తప్పని తెలిసీ చాలామంది కత్తితో కింది అంచులు కోసేసుకున్నారు. మొదటి శీతాకాలంలో పైవాళ్లు హడావిడిగా మేకతోలు చొక్కాలు పంచారు. బొచ్చు బయటికి ఉండేది. వానలో తడిస్తే కంపు భరించలేకపోయేవాళ్లు. తర్వాత వచ్చిన చేతుల్లేని తోలు జర్కిన్ మాత్రం సిపాయిలకు నచ్చింది. లోపల ఉన్ని, పైన తోలు, చేతులకు అడ్డం లేదు, చవక. నా లెక్కన ఆ యుద్ధంలో సిపాయికి దక్కిన నిజమైన మంచి దుస్తు అదొక్కటే. తర్వాతి కాలంలో బొగ్గు మోసేవాళ్లూ చెత్త బండ్లవాళ్లూ ఇంగ్లండులో దాన్ని దశాబ్దాలపాటు తొడిగారు. ట్రెంచ్ కోటు సినిమా హీరోలకు వెళ్లింది, జర్కిన్ కూలీలకు వెళ్లింది. యుద్ధంలో ఎవరిది ఎవరికో శాంతిలోనూ వాళ్లకే.

ఇక్కడ విడ్డూరం ఇంకొకటి ఉంది. మంచి దుస్తులు దూరం నుంచే మనిషి హోదాను పట్టిచ్చేవి. అధికారి కోతను జర్మన్ గురికాళ్లు కనిపెట్టేసరికి, దాడికి దిగేముందు చాలామంది అధికారులు సిపాయి చొక్కాలు అరువు తెచ్చుకుని తొడుక్కున్నారు. వాతావరణం నుంచి కాపాడేది శత్రువుకు చూపించేస్తే లాభం లేదు. కొండలెక్కేవాడు ఎర్రకోటు తొడుక్కోవచ్చు, తప్పిపోతే వెతికేవాళ్లకు కనిపిస్తాడు. సిపాయికి ఆ సౌకర్యం లేదు. ఈ తేడా ఇప్పటికీ పోలేదు.

మన సిపాయిల సంగతి మరీ దయనీయం. లాహోర్, మీరట్ డివిజన్లు 1914 సెప్టెంబరు చివరి నుంచి మార్సేల్స్‌లో దిగాయి. ఒంటిమీద వేడి దేశపు నూలు ఖాకీ. అక్టోబరు చివరికి వాళ్లను ఈప్ర్ ప్రాంతంలోని కందకాల్లోకి నెట్టారు. ఉన్ని దుస్తులు ఆలస్యంగా, వంతుల వారీగా వచ్చాయి. 1915 చివరికి భారత పదాతి దళాలను ఫ్రాన్స్ నుంచి తీసి మెసపొటేమియాకు పంపేశారు. అందుకు చెప్పిన కారణాల్లో ఇంకో శీతాకాలం తట్టుకోలేరన్నది ఒకటి. చలి వాళ్ల శరీరతత్వానికి పడదని పుస్తకాల్లో రాశారు. ఆ నూలు బట్టలతో స్కాట్లండ్ వాడిని నిలబెట్టినా అదే గతి పట్టేది.

యుద్ధం నుంచి బయటపడ్డవాళ్లే 1920ల్లో ఎవరెస్ట్ మీదికి వెళ్లారు. వాళ్ల ఫొటోలు చూసి, వనభోజనానికి వచ్చి మంచు తుపానులో ఇరుక్కున్న వాళ్లలా ఉన్నారని బెర్నార్డ్ షా ఎకసెక్కెం ఆడాడంటారు. ట్వీడు కోట్లు, మెడకు మఫ్లర్లు, కాళ్లకు పట్టీలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కాని 1924లో శిఖరం దగ్గర మాయమైన జార్జ్ మాలరీ శవం 1999 మే 1న 8,155 మీటర్ల ఎత్తున దొరికినప్పుడు ఒంటిమీద మిగిలిన ముక్కలు వేరే కథ చెప్పాయి. పట్టు, నూలు, ఉన్ని పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి, అన్నిటి పైన గాబర్డీన్. బ్రిటిష్ పరిశోధకులు ఆ ముక్కలను పరిశీలించి అచ్చం అలాంటివే కుట్టించారు. 2006లో గ్రాహం హాయ్‌లాండ్ వాటిని ఎవరెస్ట్ ఉత్తరపు వైపు తొడిగి నడిచి చూసి, తేలిగ్గా, వెచ్చగా, కదలడానికి హాయిగా ఉన్నాయన్నాడు. పట్టు మీద ఉన్ని జారుతుంది కనుక చేతులు ఎత్తడానికి అడ్డు ఉండదు. అయితే ఆ ఎత్తులో రాత్రంతా కదలకుండా కూర్చోవాల్సి వస్తే అవి చాలవు.

కూర్చోవాల్సి వస్తే చాలేది అప్పటికే ఒకడి దగ్గర ఉంది. జార్జ్ ఫించ్ ఆస్ట్రేలియాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త. 1922 యాత్రకు బయలుదేరేముందు, గాలిబుడగలు కుట్టే గుడ్డలో ఐడర్ బాతు నూగు నింపి, గడులు గడులుగా కుట్టించి కోటు చేయించుకున్నాడు. తోటివాళ్లు పగలబడి నవ్వారు. ఇంగ్లీషు పెద్దమనిషి అలాంటిది తొడగడని వాళ్ల ఉద్దేశం. ఎత్తు పెరిగేకొద్దీ నవ్వు తగ్గి, ఆ కోటు మీద కన్ను పడింది. ఆ మే 27న ఫించ్, జెఫ్రీ బ్రూస్ ఆక్సిజన్ సాయంతో సుమారు 8,320 మీటర్ల దాకా వెళ్లారు. అప్పటికి మనిషి అంత ఎత్తు ఎక్కలేదు. 1924 యాత్రలో ఫించ్‌కు చోటు ఇవ్వలేదు. అతని తత్వం, వాళ్ల తత్వం కలవలేదు. ఇవాళ హిమాలయాల్లో ఎక్కడ చూసినా కనిపించే డౌన్ జాకెట్ తాత అదే. ఆ ఫించ్ 1952 నుంచి 1957 దాకా పుణేలో మన జాతీయ రసాయన ప్రయోగశాల డైరెక్టరుగా పనిచేశాడు. ఆ ప్రయోగశాలలో చదువుకున్న తెలుగు రసాయన శాస్త్రవేత్తల్లో ఎంతమందికి తమ డైరెక్టరు కోటు కథ తెలుసో!

నూగు చేసే పని ఒక్కటే, గాలిని కదలకుండా పట్టి ఉంచడం. వెచ్చదనం ఇచ్చేది నూగు కాదు, కదలని గాలి. తడిస్తే నూగు ముద్దయి ఆ గాలి పోతుంది. అయినా అమెరికాలో ఎడ్డీ బావర్ నూగుతోనే పని మొదలుపెట్టాడు. సియాటిల్‌లో క్రీడా సామాన్ల కొట్టు నడిపే ఇతను చలికాలం చేపల వేటకు వెళ్లి తడిసి గడ్డకట్టి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 1936లో గడులు కుట్టిన నూగు కోటు చేశాడు, 1940లో పేటెంటు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం ఎత్తుల్లో ఎగిరే సిబ్బందికి అతని చేతే నూగు కోట్లు కుట్టించింది. చేపలు పట్టేవాడు కనిపెట్టాడు, సైన్యం కొనుక్కుంది.

ఆ యుద్ధంలోనే సైన్యాలకు చలి లెక్క అర్థమైంది, అదీ దెబ్బలు తిన్నాక. జర్మన్లు 1941లో మాస్కో వైపు చలి దుస్తులు లేకుండా వెళ్లారు, శీతాకాలం లోపు పని అయిపోతుందన్న ధీమాతో. డిసెంబరు 20న గోబెల్స్ రేడియోలో జనాన్ని అడుక్కోవాల్సి వచ్చింది: బొచ్చు కోట్లు, ఉన్ని చొక్కాలు, మేజోళ్లు ఇవ్వండి అని. బెర్లిన్ ఆడవాళ్ల కోట్లు రైలెక్కాయి. వసంతానికల్లా మంచు కాటుకు గురైనవాళ్లు లక్ష దాటారు. ఎదురుగా ఉన్న రష్యన్ సిపాయికి దూది కుక్కి కుట్టిన తెలొగ్రేయ్‌కా ఉంది. అదే కోటు రష్యాలో రైతుకు, కార్మికుడికి, చివరికి నిర్బంధ శిబిరంలోని ఖైదీకి కూడా. అక్కడ సిపాయి కోటుకూ పౌరుడి కోటుకూ పెద్ద తేడాయే లేదు. అందంగా ఉండదు, తడిస్తే బరువెక్కుతుంది. కాని రష్యా చలి పొడి చలి, వాన చలి కాదు. పైగా పాదానికి వదులుగా ఉండే నమదా బూట్లు. జర్మన్ బూట్లు పాదానికి అతికినట్టు బిగువుగా, అడుగున ఇనప మేకులతో ఉండేవి. ఆ మేకులే చలిని లోపలికి లాగాయి.

అమెరికన్ల పాఠం 1943 మేలో అలాస్కా కొసన అట్టూ దీవిలో. కాలిఫోర్నియా ఎడారిలో శిక్షణ పొందిన డివిజనును తోలు బూట్లతో తడి మంచులోకి దించారు. పోరులో పోయినవాళ్లు 549 మంది, గాయపడినవాళ్లు 1,148. చలివల్ల దెబ్బతిన్నవాళ్లు దాదాపు 1,200. శత్రువు గాయపరిచినంతమందిని తడి సాక్సులు గాయపరిచాయన్నమాట.

అమెరికా సైన్యానికి బట్టలు సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ విభాగంలో అప్పటికి కొత్త మనుషులు చేరి ఉన్నారు. పరిశోధన వ్యవహారాలు చూసిన జార్జ్ డోరియో హార్వర్డ్ వ్యాపార పాఠశాల ఆచార్యుడు. కె2 శిఖరం మీద 1938లో ప్రయత్నించి వచ్చిన రాబర్ట్ బేట్స్ కూడా ఆ విభాగంలో పనిచేశాడు. 1942లో మెకిన్లీ పర్వతం మీదికి ఒక జట్టు వెళ్లి సైనిక సామాను పరీక్షించింది. మసాచుసెట్స్‌లోని లారెన్స్‌లో శీతల గదులు కట్టి సిపాయిలను నడిపించి, కూర్చోబెట్టి కొలిచారు. కొలవడానికి కొలమానం కావాలి కదా. 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు ‘క్లో’ అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల సెల్సియస్ గదిలో ఊరికే కూర్చున్నవాడికి హాయిగా ఉండటానికి కావలసిన దుస్తుల వెచ్చదనం 1 క్లో. మామూలు సూటు ఇంచుమించు అంత. ఈ లెక్కతో ఒక వింత బయటపడింది: గడ్డకట్టే చలిలో బరువు మోస్తూ నడిచేవాడికి పలుచని బట్టలు చాలు, అదే చలిలో కాపలా నిలబడ్డవాడికి దానికి ఎన్నో రెట్లు కావాలి. ఒకే సిపాయి గంటలో ఈ రెండు పనులూ చేస్తాడు. అతనికి ఒక్క మందపాటి కోటు ఇస్తే నడిచేటప్పుడు చెమటలో తడుస్తాడు, ఆగినప్పుడు ఆ చెమటతోనే గడ్డకడతాడు.

చలి లెక్కలో గాలి వాటాను తేల్చినవాడు పాల్ సైపుల్. 1928లో 19 ఏళ్ల బాయ్ స్కౌటుగా అడ్మిరల్ బర్డ్ వెంట అంటార్కిటికా వెళ్లాడు; పెద్దయ్యాక భూగోళ శాస్త్రవేత్తగా మళ్లీ మళ్లీ వెళ్లాడు. 1941లో చార్లెస్ పాసెల్‌తో కలిసి ప్లాస్టిక్ గొట్టంలో పావుకిలో నీళ్లు పోసి ఆరుబయట వేలాడదీసి, ఎంత గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచాడు. వాతావరణ వార్తల్లో ‘గాలి వల్ల మరింత చలిగా అనిపిస్తుంది’ అని ఇప్పుడు చెప్పే అంకె మూలం ఆ గొట్టమే. యుద్ధకాలంలో సైపుల్ కూడా క్వార్టర్‌మాస్టర్ విభాగంలోనే ఉన్నాడు.

ఈ లెక్కలన్నీ కలిసి 1943 నమూనా ఫీల్డ్ జాకెట్‌గా బయటికొచ్చాయి. మందం తీసేసి, ఒత్తుగా నేసిన నూలు పైపొరతో గాలిని ఆపి, లోపల అవసరం కొద్దీ పొరలు వేసుకునేలా, తీసేసుకునేలా చేశారు. నెట్సిలిక్ ప్రజలకు తెలిసినదే, మాలరీ ఒంటిమీద ఉన్నదే. కాని ఇప్పుడు దానికి అంకెలున్నాయి, లక్షల మందికి కుట్టగలిగే కొలతలున్నాయి. యూరప్‌లోని అమెరికా సైన్యపు సరఫరా అధిపతి జనరల్ లిటిల్‌జాన్‌కు ఈ జాకెట్ నచ్చలేదు. నడుము దాకా ఉండే ఉన్ని జాకెట్ మీదే అతని మక్కువ. పంతాలూ రవాణా ఇబ్బందులూ కలిసి 1944 శీతాకాలం ముంచుకొచ్చేసరికి కొత్త దుస్తులు చాలామందికి అందలేదు. ఆ చలికాలంలో కాళ్లు తడిసి కుళ్లి, మంచు కాటు తగిలి ఆస్పత్రి పాలైన అమెరికన్లు 40 వేలకు పైమాటే. ప్రయోగశాలలో ముడి వీడినా గోదాములో వీడలేదు.

బ్రిటన్‌లో అదే సమయానికి మాంచెస్టర్‌లోని షర్లీ సంస్థ ఇంకో దారిన వెళ్లింది. పొడుగు పింజ పత్తిని ఎంతో ఒత్తుగా నేస్తే, తడవగానే పోగులు ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి; ఆరితే తెరుచుకుంటాయి. పూత లేదు, రబ్బరు లేదు. దీనికి వెంటైల్ అని పేరు. చల్లని సముద్రంలో పడ్డ పైలట్ నిమిషాల్లో స్పృహ తప్పేవాడు. ఈ గుడ్డతో కుట్టిన సూట్లు అతనికి తేలుతూ పడవ కోసం ఎదురుచూసే వ్యవధి ఇచ్చాయి. యుద్ధం తర్వాత ఇది కొండలెక్కేవాళ్ల కోట్లలోకి వచ్చింది, ఇప్పటికీ నేస్తున్నారు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన గుడ్డ ఇదే. ఖరీదు ఎక్కువ, తడిస్తే బిర్రుగా అవుతుంది, అది వేరే మాట.

శాంతి రాగానే గోదాములు ఖాళీ చేశారు. బ్రిటన్‌లో చేతిలో పైసా లేని కార్మికుల పిల్లలు కొండలెక్కగలిగింది సైన్యం వదిలించుకున్న గాలికోట్లు, నైలాను తాళ్లు, కొక్కేలు చవగ్గా దొరకబట్టే. 1953 ఎవరెస్ట్ యాత్రకు శరీరశాస్త్రవేత్తగా వెళ్లిన గ్రిఫిత్ ప్యూ యుద్ధకాలంలో లెబనాన్ పర్వతాల్లో సైనికులకు మంచు శిక్షణ ఇచ్చినవాడే. ఆ యాత్రకు గాలి ఆపే గుడ్డను ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో పరీక్షించారు. హిల్లరీ, టెన్సింగ్ శిఖరం మీద నిలబడిన బట్టల్లో సైన్యం లెక్కలూ ఉన్నాయి, ఫించ్ నూగూ ఉంది.

తర్వాత వచ్చిన పెద్ద మలుపు మళ్లీ పౌరుడి వైపు నుంచే. 1969లో బాబ్ గోర్ వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని మెల్లగా కాకుండా ఒక్క ఉదుటున లాగాడు. అది సూక్ష్మ రంధ్రాల పొరగా సాగింది. 1976 నుంచి గోర్‌టెక్స్ కోట్లు కొండ యాత్రికులకు దొరికాయి. అమెరికా సైన్యం వాటిని తన చలి దుస్తుల్లో చేర్చుకున్నది 1980ల నడుమ. ఈలోగా 1982లో ఫాక్‌లండ్ దీవుల్లో బ్రిటిష్ సైనికులు నీరు కారే సర్కారు బూట్లతో బురదలో నడిచి పాదాలు పోగొట్టుకునే దాకా వచ్చారు. తెలిసినవాళ్లు ముందే కొండ సామాన్ల కొట్లలో సొంత డబ్బుతో కొనుక్కుని వెళ్లారు. 2000ల మొదట్లో అమెరికా ప్రత్యేక దళాలు ఏడు అంచెల దుస్తులు తయారు చేయించుకున్నప్పుడు సలహాకు పిలిచింది మార్క్ ట్వైట్ అనే పర్వతారోహకుణ్ణి.

మరి సైన్యం ఎందుకు వెనకబడుతుంది? ఒట్టి బద్ధకం అనేస్తే అన్యాయం. కొండ యాత్రికుడు అడగని ప్రశ్నలు సైన్యం అడగాలి. 2006లో ఇరాక్‌లో అమెరికన్ మెరైన్లను శిబిరం దాటితే పాలిస్టర్, నైలాన్ లోచొక్కాలు తొడగవద్దని ఆజ్ఞాపించారు. చెమట పీల్చే ఆ నాజూకు చొక్కాలు పేలుడు మంటకు కరిగి చర్మానికి అతుక్కుపోయేవి. కోటు చప్పుడు చేయకూడదు. మొదటి గోర్‌టెక్స్ కోట్ల గరగర రాత్రివేళ దూరం దాకా వినిపించేది. రాత్రి చూపు యంత్రాల్లో మెరవకూడదు. ముళ్లకూ బండలకూ నెలల తరబడి రాసుకున్నా చిరగకూడదు. అందుకే సైనిక కోటు అదే పనిచేసే పౌర కోటు కన్నా బరువెక్కువ. వాన ఒక్కదాన్నే చూసుకుంటే పౌర కోటే మెరుగు. నల్లమలలో రెండు రోజుల నడకకు వెళ్లేవాడు మచ్చల మచ్చల జాకెట్ కొంటే ఆ అదనపు బరువు ఊరికే మోస్తాడు. అన్నట్టు, సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు తొడిగితే మన చట్టం ప్రకారం నేరం కూడా.

మన సైన్యం ఈ చదువును కష్టపడే నేర్చుకుంది. 1962 అక్టోబరులో నమ్కా చూ వాగు ఒడ్డుకు మైదానాల నుంచి ఎక్కించిన 7వ బ్రిగేడు సిపాయిల్లో చాలామంది ఒంటిమీద వేసవి నూలు దుస్తులు, తలా ఒక దుప్పటి. ఆ శీతాకాలం దేశమంతా ఆడవాళ్లు సైనికుల కోసం స్వెట్టర్లు అల్లారు. గోబెల్స్ అడుక్కుంటే వచ్చినవి కావు, మనసుతో వచ్చినవి. కాని సరఫరా శాఖ చేయాల్సిన పని ఇళ్లల్లో జరగడం ఏ దేశానికీ గొప్ప కాదు.

1984 ఏప్రిల్ 13న సియాచిన్ మీదికి వెళ్లేముందు యూరప్ నుంచి చలి దుస్తులు తెప్పించారు. అవి ఒక్క రోజు ముందు చేరాయనీ, అదే లండన్ వ్యాపారి దగ్గర పాకిస్తాన్ కూడా ఆర్డరిచ్చిందని తెలిసే మనవాళ్లు తొందరపడ్డారనీ అప్పటి సైనికాధికారులు చెబుతూ వచ్చారు. బట్టల బిల్లు చూసి శత్రువు ఎత్తుగడ కనిపెట్టిన సందర్భం యుద్ధ చరిత్రలో అరుదు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడయ్యాక, లడఖ్‌లో ఆ చలికాలం నిలబడాల్సిన అదనపు బలగాల కోసం అమెరికా సైన్యపు చలి దుస్తులు హుటాహుటిన దిగుమతి చేసుకున్నారు. గోర్‌టెక్స్‌తో మొదలైన ఆ పొరల దుస్తుల తర్వాతి తరమే అది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అలాంటి యాత్రలో నిండు డౌన్ సూటు తొడిగేది పై శిబిరాల్లో గడిపే కొద్ది రోజులు మాత్రమే. సియాచిన్ చౌకీలో సిపాయి మైనస్ 40, 50 డిగ్రీల్లో మూడు నెలలు అదే సూటులో వండుకుంటాడు, మంచు తవ్వుతాడు, కాపలా కాస్తాడు, పడుకుంటాడు. అతను దిగాక పైకెక్కేవాడికీ అలాంటిదే కావాలి, సమయానికి కావాలి. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక అక్కడ గుడ్డ నాణ్యత కన్నా సరఫరానే తప్పుపట్టింది. మంచు కళ్లద్దాలకు కొరత వచ్చింది; కొత్త బూట్లు కొనకపోవడంతో పాతవాటినే బాగుచేయించి మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ బూట్ల కథ వచ్చే వారం.